గోరింట కంచెకు రెండో పక్క

బెంగళూరు,
28 జులై 2024

కాంతత్తకు,

నవ్వకు. ఇది ఆఫీసు ఉత్తరం.

ఫోన్లో చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే అంతా రాతలో ఉండాలట. మా హేమచంద్ సార్ రూలు అది. ఈ తోటల డిజైన్ ఆఫీసులో చేరిన ప్రతి ఒక్కరూ ఏడాదిలోపు సొంతంగా ఒక తోట వేయించి చూపించాలి. కాగితం మీద గీసింది గీసినట్టు నేల మీద ఉండాలి. ఉంటే ఉద్యోగం పక్కా. లేకపోతే "మంచిదమ్మా, వెళ్ళిరా" అంటారు. పోయినేడు ఇద్దరికి అట్లనే అన్నారు.

నాకెవరిస్తారు అత్తా తోట? మా నాయిన ఫ్లాట్లో ఉన్నవి రెండు కుండీలు, అందులో ఒకటి పగిలింది. అందుకే శామీర్‌పేటలో నీ ఇంటి పక్క ఖాళీ జాగా అడిగాను. నువ్వు "తీస్కో కోడలా" అన్నావు. ఆ క్షణం నుంచి నువ్వు నా క్లయింటువి.

ఇక షరతులు. తోట గురించి ఫోన్లో ఒక్క ముక్క వద్దు. అన్నీ తారీఖు వేసి మెయిల్లో రాయి. నేను ప్రింటు తీసి ఫైల్లో పెడతాను, సార్ ఆ ఫైలు చదువుతారు. డ్రాయింగు కొరియర్లో వస్తోంది. నడిచే బాటలు, బాటల పక్క నడుమెత్తు కంచె, కుడి చివర అర్ధచంద్రంలా పూలమడి. తొందర లేదు. ఈ వానలకు గీతలు, మొక్కలు; చలికాలానికి బాటలు; వచ్చే వానలకు కంచె సమంగా కత్తిరిస్తే చాలు.

ఇట్లు నీ మేనకోడలు, అంతకంటే ముఖ్యంగా నీ డిజైనర్,
అశ్రిత


మేడ్చల్,
11 ఆగస్టు 2024

డిజైనర్ మేడమ్ అశ్రితకు,

మేడ్చల్ మెయిన్ రోడ్డు కాంత మ్యాచింగ్ సెంటర్ నుంచి క్లయింటు లక్ష్మీకాంతమ్మ రాస్తున్న. హేమచంద్ సారు చదువుతరన్నవు గదా, సారూ నమస్తే. మా పిల్ల మంచిది. పొద్దున జర లేటుగ లేస్తది, గంతే.

గిరాకీ లేనప్పుడు కౌంటర్ మీద ఫోన్ పెట్టి కొడుతున్న. నడుమ నడుమ ఎవరన్న వస్తరు, మాట తెగుతది, ఏమనుకోకు. ఇగో వచ్చింది ఒకామె. మామిడిపండు రంగు చీరకు జాకెట్ గుడ్డ అడిగింది. నా దగ్గర ఉన్నది మామిడిపండుకు అక్క రంగు. ఒప్పించి పంపిన.

నీ డ్రాయింగు అందింది. మీ మామ ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి గదా, రోడ్డు మ్యాపనుకోని కండ్లద్దాలు పెట్టుకున్నడు. "గీ మూల కాడ తిరగదు కాంతా" అన్నడు. ఏం తిరగదు సిద్దయ్యా అంటే "బస్సు" అన్నడు. తోటల బస్సెందుకు తిరుగుతదో ఆయనకే ఎరుక.

నాకైతే ఒక్క చూపుల సమజైంది. ఇరవై రెండేండ్ల సంది జాకెట్ల కటింగ్ కాయితాలు చూస్తున్న, గిదెంత? కుడి చివరకు తెంపులు తెంపులుగ ఒక లైను గీసి, ఆ లైనుకు ఆనిచ్చి అర్ధచంద్రం పెట్టినవు చూడు, జాకెట్ మెడ గీసినట్టే ఉన్నది. కాయితం సుత మిగిలింది. మన ఇంటి తెలివి యాడికి పోతది!

పక్క ప్లాటు షహజాది బేగం ఆపాకు సుత ఫోన్ చేసిన. ఆమె ఇప్పుడు బోధన్ల బిడ్డ షిరీన్ ఇంట్ల ఉంటాంది. "ఆపా, మా కోడలు తోట ఏస్తాంది, నీ దిక్కు సుత మొక్కలు వస్తై, అడ్డమేమన్న ఉన్నదా" అంటే, "ఏమన్న వెయ్యి కాంతమ్మా, పాములు రాకుంటే సాలు" అన్నది. దిల్ ఉన్న మనిషి.

ఒక్కటే మార్పు. నువ్వు రాసిన కంచె మొక్క రేటు నర్సరీల అడిగితే నాకు కండ్లు తిరిగినై. దాని బదులు గోరింట పెడతా. గుండ్లపోచంపల్లిల గోడౌన్ కడతందుకు పాత గోరింట కంచె పీకేస్తున్నరు, కొమ్మలు ఊరికే ఇస్తమన్నరు. నీళ్ళు తక్కువైనా బతుకుతది, కత్తిరించిన కొద్దీ గుబురైతది. సారూ, ఏమంటరు?

లేస్ కావాలని ఇద్దరు నిలబడ్డరు. ఉంట.
క్లయింటు అత్త


బెంగళూరు,
24 ఆగస్టు 2024

క్లయింటు అత్తకు,

గోరింటకు సార్ ఒప్పుకున్నారు. "మీ అత్తగారికి బుర్ర ఉంది" అన్నారు. నేను లేటుగా లేస్తానన్న లైను కూడా చదివారు. చాలా థాంక్స్.

కానీ ఇంకేమీ మార్చకు అత్తా. ఒక్క అంగుళం కూడా. సార్ వచ్చి టేపుతో కొలుస్తారు. అడుగుకొకటి చొప్పున నూట పది మొక్కలు, అంతే. బేగంగారి వైపు కొమ్మలు వాలితే ఏమనుకుంటారో అని ముందే ఫోన్ చేశావు చూడు, నీలాంటి క్లయింటు ఎవరికీ దొరకరు.

ఇట్లు, ఇప్పుడు ఆరింటికే లేస్తున్న
అశ్రిత


మేడ్చల్,
20 అక్టోబర్ 2024

బిడ్డా అశ్రితా,

దసరా గిరాకీల తల ఎత్తలేదు, అందుకే ఆలస్యం. బతుకమ్మకు పచ్చ లేసు ఎంత పోయిందంటే, ఆఖరుకు నా లంగా అంచు ఇప్పి అమ్మాల్నేమో అనుకున్న.

తోట గీతలు అయినై. ముగ్గుపిండితోటి నేనే గీసిన, మీ మామ తాడు పట్టిండు. చదరాలు, బాటలు, మూలమూలకు ఇటుక రాయి. చూస్తే కండ్లు నిండినై. కని మన దిక్కు సంగతి నీకెరుకే గదా, నేల మీద తెల్ల గీత కనబడితే సాలు, మనుషులు ఆగుతరు. మొదటి రోజే బండి మీద ఒకడు ఆగిండు.

"అక్కా, గజం ఎంత నడుస్తాంది?"

"గజమేంది నాయినా?"

"ప్లాట్లు చేసిన్రు గదా. చిన్నగున్నై కని, ఫర్వాలేదు. ఈస్ట్ ఫేసింగ్ ఒకటి చెప్పు."

"అవి పూలమళ్ళయ్యా!"

"పూలమళ్ళకు సుత రేటుంటది గదక్కా" అని నంబరు రాసిచ్చి పోయిండు. వారంల ఏడుగురు వచ్చిన్రు. దూలపల్లి నుంచి ఒకాయన, వెంచర్ పేరేందని అడిగిండు. మీ మామ "అశ్రితా ఎన్‌క్లేవ్" అని చెప్పి పంపిండు. ఆయన ఇంకా ఫోన్లు చేస్తనే ఉన్నడు.

మొక్కలు నాటినం. నువ్వు చెప్పిన నూట పది సాలలేదు, మళ్ళ నూట పది తెప్పించిన. ట్రాలీ ఆటోల గోరింట కొమ్మలు నిండ వస్తుంటే, పెండ్లి ఎవరిదని బజారంతా అడిగింది. మీ మామ బీరతీగ పందిరి తీయనని మొండికేసిండు. రెండు దినాలు మాటల్లేవు. మూడోనాడు ఆయననే పందిరి పెరట్లకు మార్చి, "కూరగాయలు సుత లైన్ల ఉండాలె గదా" అన్నడు. మనిషి మారుతుండు.

సారుకు దసరా శుభాకాంక్షలు, ఆలస్యమైనా.
నీ అత్త


బెంగళూరు,
3 నవంబర్ 2024

అత్తా,

నూట పది మొక్కలు చచ్చిపోయాయా?!

మెత్తగా "సాలలేదు" అని రాశావు గానీ నాకర్థమైంది. నా మనసు కష్టపడుతుందని దాచావు. ఫైల్లో ఆ లైను మీద టీ కప్పు పెట్టి మరక చేశాను, సార్‌కి కనబడకుండా. ఇప్పుడు ఆ కాగితం నుంచి అల్లం వాసన వస్తోంది.

దయచేసి చెప్పినట్టు చెయ్యి. రోజు విడిచి రోజు నీళ్ళు, మొదట్లో నిలవకూడదు. మజ్జిగ పొయ్యకు, నాకు తెలుసు నువ్వు పోస్తావు. మామను పొద్దున ఒకసారి ఒక్కో మొక్కనీ చూడమను. మిగిలిన సగమైనా బతకాలి. నా ఏడాది మొత్తం ఆ నూట పది మొక్కల మీదే నిలబడి ఉంది అత్తా.

అశ్రిత


మేడ్చల్,
19 జనవరి 2025

కోడలా,

నా చేతుల మొక్క సచ్చుడేంది? ఒక్కటంటే ఒక్కటి సావలేదు. ఇరవై రెండేండ్లల నా దుకాణంల సూది సుత తుప్పు పట్టలే, మొక్కలు ఎట్ల సస్తై! నీ ఉత్తరం చదివి మీ మామ ఇంత మొఖం చేసుకున్నడు. నువ్వు చెప్పినవని రోజు పొద్దుగాల ఒక్కో మొక్క కాడ ఆగి, స్టేజీలు పిలిచినట్టు లెక్క పెడుతుండు. అన్నీ ఉన్నై. మొత్తం ఉన్నై.

బాటలు సుత అయినై. షాబాదు బండల ముక్కలు ఏసినం, నడుమ సందుల్ల ఎర్ర మొరం. బండలు నువ్వు రాసిన లెక్కకు రెండింతలు పట్టినై, అదంతా నాకు ముందే ఎరుకే గనుక బేరం గట్టిగనే చేసిన. మీ మామకు కొత్త డ్యూటీ దొరికింది. పొద్దున పదకొండు ట్రిప్పులు, పొద్దుమూకి పదకొండు. ఒక్క ట్రిప్పుకు సరిగ్గ నూట అరవై అడుగులు పడుతున్నయంట. చిన్న డైరీల రాస్తుండు, డ్రైవరు సిద్దయ్య, కండక్టరు సిద్దయ్య అని.

ఫోటో పంపిన. అడ్డంగ నిలబడ్డది ఆయననే. జరగమంటే జరగడు.

చలికి స్వెట్టర్ ఏసుకో.
అత్త


బెంగళూరు,
9 మార్చి 2025

అత్తా, అత్తా, అత్తా!

సార్ ఫోటో చూశారు. మామ భుజం వెనక నుంచి కనబడ్డ కంచె చూసి "గీత చక్కగా ఉందే" అన్నారు. మా ఆఫీసులో ఆయన "చక్కగా" అన్నారంటే పండగ. ఇక తారీఖు విను: జులై 19, శనివారం. శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టు పని చూడటానికి వస్తున్నారు, అటునుంచి మన తోటకి వస్తారు. నన్ను మాత్రం రావద్దన్నారు. డిజైనర్ పక్కన నిలబడి వివరించాల్సిన తోట తోటే కాదట.

ఒక్క సంగతి భయపెడుతోంది. మామ మోకాళ్ళెట్లా ఉన్నాయి? నా డ్రాయింగు ప్రకారం ఒక చుట్టు ఎనభై అడుగులకు మించదు. నూట అరవై పడుతున్నాయంటే బాగా చిన్నచిన్న అడుగులు వేస్తున్నాడు. ఆలస్యం చెయ్యకుండా ఎముకల డాక్టరుకు చూపించు.

అశ్రిత


మేడ్చల్,
13 ఏప్రిల్ 2025

డాక్టరమ్మకు,

చూపించిన. బలవంతంగ తీస్కపోయిన. డాక్టరు ఎక్స్‌రే చూసి "ఈయనకు పాతికేండ్ల మోకాళ్ళు ఉన్నయమ్మా, ఎందుకు తెచ్చిన్రు" అన్నడు. మా కోడలు బెంగళూరు నుంచి అడుగులు లెక్కబెట్టిందని చెప్పిన. ఆయన కలం కింద పెట్టిండు. మీ మామ ఇంటికచ్చినంక నీ మీద కోపంతోటి ముప్పై ట్రిప్పులు కొట్టిండు.

ఎండలు మస్తున్నై కని గోరింట నడుముదాక వచ్చింది. నీ చందమామ మడిల తెల్ల బిళ్ళగన్నేరు పూస్తాంది. దగ్గరికి రా కోడలా, నిండు చందమామనే.

అత్త


మేడ్చల్,
22 జూన్ 2025

బిడ్డా,

గీ ఉత్తరం ఫైల్ల పెట్టకు. సారుకు చూపెట్టకు. టీ కప్పు సుత పెట్టకు, చింపేయ్.

షాహబాజ్ వచ్చిండు, షహజాది ఆపా కొడుకు. సూరారంల లేత్ మిషన్ల షెడ్డు నడుపుతడు గదా, ఆ పిల్లగాడే. వెంబడి ప్లాటు కొనేటోన్ని తెచ్చిండు. తోటను చూసి ఇద్దరూ నోరు తెరిసిన్రు.

"ఆంటీ, ఏందిది? కబ్జా చేసిన్రా?"

"కబ్జా ఏంది షాహబాజూ! మీ అమ్మీనే ఏసుకోమన్నది."

"అమ్మీ మొక్క అంటే ఒక మొక్క అనుకున్నది. ఊరు కట్టమన్నదా?"

వాని మీద నాకు కోపం లేదు. షెడ్డు పెద్దగ చేసుకోవాలని వాని తాపత్రయం వానిది. బేరం కుదిరిందంట, శుక్రవారం జేసీబీ తెచ్చి వాళ్ళ దిక్కు మొత్తం సాఫ్ చేస్తడంట. నేను బతిమాలిన, జులై ఇరవైదాక ఆగమన్న. కొనేటోడు ఆగడన్నడు.

సగం తోట పోతది కోడలా. నువ్వు గీసినదాంట్ల సరిగ్గ సగం. సగం కంచె, సగం బాట, చందమామ నడుమకు తెగుతది. సగం తోట చూసి సారు ఏమంటడు? నీ నౌకరి నా చేతులనే పోతదేమో. మూడు దినాల సంది బువ్వ సయిస్తలేదు. దుకాణంల నల్లగుడ్డ అడిగినామెకు నీలం కోసిచ్చిన. నేను! నీలం!

ఆపాకు ఫోన్ చేస్తున్న. నువ్వు పరేషాన్ కాకు.
అత్త


బెంగళూరు,
23 జూన్ 2025

అత్తా!!

సగం ఏంటి? ఏ సగం?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి డ్రాయింగు తీసి ముందు పెట్టుకున్నాను. తర్వాత టేబులు కిందికి వెళ్ళి నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వాను. పక్క సీటు ప్రణయ్ అంబులెన్స్ పిలవాలా అని అడిగాడు.

అత్తా, నేను గీసింది మొత్తం. సగం కాదు. కుడి చివర తెంపులు తెంపులుగా ఉన్న గీత నీ జాగా హద్దు! అక్కడితో మన తోట అయిపోతుంది. అర్ధచంద్రం అంటే అర్ధచంద్రమే! జాకెట్ కాగితంలో లాగా ఆ గీత మడత అనుకుని, సగమే గీశాననుకుని, నువ్వు దాన్ని మడత విప్పి అవతలి పక్క కూడా కుట్టేశావు. బేగంగారి ప్లాటులో!

నూట పది మొక్కలు చావలేదు. బండలు రెండింతలు పట్టాయి. మామ నూట అరవై అడుగులు! అయ్యో మామ ఎక్స్‌రే!

ఇప్పుడు మంచి మాట విను. షాహబాజ్‌ని జేసీబీ తెచ్చుకోమను. వాళ్ళ పక్కది తీసేస్తే మిగిలేది నా డ్రాయింగే, అంగుళం తేడా లేకుండా. నా ఉద్యోగం పోవడం కాదు, పక్కా అవుతుంది. నువ్వు కడుపునిండా తిను. రెండు పూటలదీ ఒకేసారి తిను.

నవ్వి నవ్వి కడుపు పట్టుకున్న
అశ్రిత


మేడ్చల్,
28 జూన్ 2025

కోడలా,

చదివినం. మీ మామ నవ్వి నవ్వి మంచం కోడు పట్టుకున్నడు. "ముప్పై ఏండ్లు బస్సు నడిపిన, ఊరి పొలిమేర దాటితే నాకు ఎరుక కాదా, నువ్వే నా మాట ఇననియ్యలేదు" అంటున్నడు. ఆయన చెప్పింది మూల తిరగదని. పొలిమేర సంగతి చెప్పనే లేదు. అయినా ఇప్పుడు అంత ఆయన చెప్పినట్టే.

కని నీ ఉత్తరం వచ్చేసరికే నేను ఆపాకు ఫోన్ చేసి ఏడ్చి ఉన్న. ఆమె "వస్తున్న" అన్నది, గంతే.

శుక్రవారం పొద్దుగాల గేటు కాడ జేసీబీ నిలబడ్డది. నేను నీ మాట తల్చుకోని గమ్మున అరుగు మీద కూసున్న. తీసుకపోనీ, కోడలు నౌకరి పక్కా అయితది అని. అప్పుడే ఆటో దిగింది ఆపా. చేతుల బోధన్ బస్సు టికెట్ అట్లనే ఉన్నది. డెబ్భై దాటినై, మోకాళ్ళు నిజంగనే బాగలేనిది ఆమెకు, మీ మామకు గాదు. కొడుకు దిక్కు చూడలే, నా దిక్కు చూడలే. బాట మీద అడుగు పెట్టింది. ఒక చెయ్యి గోరింట మీద ఆనిచ్చుకుంట మెల్లగ మెల్లగ ఆ కొస దాక పోయింది. చందమామ చుట్టూ తిరిగింది. మళ్ళ వచ్చింది.

"షాహబాజూ, ఈ ప్లాటు మీ అబ్బా కొని ఎన్నేండ్లాయెరా?"

"పంతొమ్మిది, అమ్మీ."

"పంతొమ్మిదేండ్లల దీంట్ల ఎన్నిసార్లు నడిసిన నేను?"

వాడు జేసీబీ దిక్కు చూసిండు.

"ఒక్కసారి నడవలే. ముండ్లు. తుమ్మ ముండ్లు. ప్లాటు కాయితం పెట్టెల ఉండె, నేను గేటు కాడ ఉంటి. ఇయ్యాల నా జాగల నేను నడిసిన. మిషను వాపస్ పంపు."

"అమ్మీ, పార్టీకి మాట ఇచ్చిన."

"నేను కాంతమ్మకు ముందు ఇచ్చిన. నీది పెద్ద మాటనా, నాది పెద్ద మాటనా?"

జేసీబీ పోయింది. షాహబాజ్ అలిగి పోయిండు, మళ్ళ సాయంత్రం అమ్మీకి బిర్యానీ తెచ్చిండు. అమ్ముదామని అడుగుడైతే బంద్ చేయలే. ఆపా మా ముందర అర్రల దిగింది. పొద్దున మాపు నడుస్తాంది. మీ మామ ఆమెకు సైడ్ ఇస్తడు.

ఇప్పుడు చెప్పు బిడ్డా. సారు కాయితం మీద ఉన్నట్టు ఉండాలంటడు. ఆపా దిక్కుది ఉంటే కాయితం మీద ఉన్నట్టు కాదు. నీ ఏడాది కష్టం, నీ నౌకరి. నువ్వు తీయమంటే ఆపాకు నేనే చెప్తా, నేనే గడ్డపార పడతా. ఆమె ఏమనది. అదే నాకు భయం, ఏమనది.

అత్త


బెంగళూరు,
1 జులై 2025

అత్తా,

మొన్న నవ్వినంతసేపు నవ్వాను, నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కిటికీ పక్కన కూర్చున్నాను. తీయమని రాసి, చెరిపాను. వద్దని రాసి, అదీ చెరిపాను. నాకు ఈ ఉద్యోగం కావాలత్తా. అబద్ధమెందుకు.

ఈ పొద్దున సార్ దగ్గరికి ఫైలు పట్టుకుని వెళ్ళాను. అంతా చెప్పాను. ఫైల్లో పెట్టొద్దన్న ఉత్తరం కూడా ఇచ్చాను, తిట్టుకో. ఆయన నీలం గుడ్డ లైను దగ్గర ఆగారు, తర్వాత బేగంగారి దగ్గర ఆగారు. "రూలు నీకు తెలుసు కదా" అన్నారు. తెలుసన్నాను. "తీయిస్తావా?" అన్నారు. లేదన్నాను. నా నోటినుంచి ఎట్లా వచ్చిందో నాకే తెలీదు. "పందొమ్మిదిన చూస్తాను" అన్నారు, అంతే.

గడ్డపార లోపల పెట్టు. ఉద్యోగం పోతే వచ్చి నీ కౌంటర్ దగ్గర లేసు కొలుస్తాను. మామిడిపండుకు అక్క రంగేదో నాకు కూడా నేర్పు.

కానీ ఒక్కటి. ఆషాఢం మొదలైంది! వాడలో ఆడవాళ్ళందరికీ గోరింటాకు కావాలి! సార్ వచ్చేసరికి కంచె బోడి గుండు కాకుండా ఎట్లయినా కాపాడు. చేతులు జోడించి,

అశ్రిత


శామీర్‌పేట,
19 జులై 2025

అశ్రితా,

ఒక్క వేలుతోటి కొడుతున్న. మిగిలిన తొమ్మిదిటికి గోరింటాకు ఉన్నది. సారు పోంగనే ఫోన్ చేద్దామనుకున్న కని రూలు పెట్టింది నువ్వే. మొదటి నుంచి చెప్తా, ఓపికగ చదువు.

నువ్వు అన్నట్టే ఆషాఢం రాంగనే వాడ ఆడోళ్ళంత సంచులు పట్టుకోని గేటు కాడికి వచ్చిన్రు. వద్దంటే శాపనార్థాలు. ఊ అంటే కంచె బోడి. గప్పుడు నా దుకాణం తెలివి పనికొచ్చింది. టేపు పెట్టి, నడుమెత్తు కాడ ఈ కొస నుంచి ఆ కొసకు ఎర్ర దారం కట్టిన. "అమ్మలారా, దారం మీదిది మీది, దారం కిందిది నాది. ఎవరన్న దారం కిందికి చెయ్యి పెడితే వాళ్ళకు శ్రావణంల జాకెట్ గుడ్డ అమ్మనే అమ్మ." శ్రావణ శుక్రవారాలకు జాకెట్ గుడ్డ లేకుంటే ఎట్ల! ముప్పై మంది వచ్చిన్రు. కత్తెర్లు తెచ్చిన్రు, ముచ్చట్లు తెచ్చిన్రు, ఇద్దరు కుర్చీలు తెచ్చుకున్నరు. పొద్దుమూకేసరికి కంచె మీద గ్లాసు పెడితే నీళ్ళు తొణకనట్టు అయింది. రెండు పక్కల.

సారు పదకొండుకు వచ్చిండు. పొడుగు మనిషి, నవ్వు లేదు. చాయ్ అంటే తర్వాత అన్నడు. టేపు తీసిండు. మీ మామ అటెన్షన్‌ల నిలబడ్డడు. మన పక్క కొలిచిండు. బాట వెడల్పు, కంచె ఎత్తు, మూలమూల. కాయితం చూసిండు. మళ్ళ కొలిచిండు. హద్దు కాడ నిలబడి "ఇక్కడితో అయిపోవాలి" అన్నడు. నా గుండె షాబాదు బండ మీద పడ్డట్టయింది. తర్వాత ఆపా పక్క సుత కొలవబట్టె. అరగంట కొలిచిండు.

"ఎవరమ్మా కొలతలు వేసింది?"

"నేనే సారూ, దుకాణం టేపుతోటి."

"కంచె ఎవరు కత్తిరించారు? మాలి పేరేంటి?"

"పేర్లు శానున్నై సారూ. ముప్పై మంది."

అప్పుడు సుత నవ్వలే. కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "ఇది కాగితం మీద ఉన్నట్టు లేదమ్మా. రూలు రూలే" అన్నడు. కారెక్కిండు. చాయ్ తాగకుండనే.

మీ మామ ఆడనే కూలబడ్డడు. నేను ఏడుద్దామంటే చేతులకు గోరింటాకు, కండ్లు తుడుసుకోరాదు. కారు మూల దాక పోయింది. ఆగింది. సారు దిగి నడుసుకుంట వచ్చిండు. గేటు కాడ బూట్లు ఇడిసి, సాక్సులు బూట్లల కుక్కి, బాట మీదికి పోయిండు. ఈసారి టేపు లేదు. చేతులు ఎనక పెట్టుకోని మన పక్క నడిసిండు, చందమామ కాడికి రాంగనే దాటిపోదామని మడిల నుంచి అడ్డం కాలు పెట్టిండు.

ఆపా ఆడ కుర్చీల కూసోని ఉన్నది. ఆయనెవరో ఆమెకేమెరుక? "ఏయ్ భాయ్! అడ్డంకెళ్ళి పోతవేంది? చుట్టు పో. బాట ఏసిన్రు గదా!" అని గదిరిచ్చింది.

సారు కాలు ఎనకకు తీసిండు. "తప్పయింది అమ్మా" అన్నడు. చుట్టూ పోయిండు. ఆమె పక్క సుత మొత్తం నడిసి, తిరిగి మా కాడికి వచ్చినంక నవ్విండు. ముందు మెల్లగ నవ్విండు, తర్వాత పొట్ట పట్టుకోని నవ్విండు. చాయ్ ఇప్పుడు ఇయ్యమన్నడు. చాయ్ తాగుకుంట ఏమన్నడో మాట మాటకు రాస్తున్న, మీ మామ డైరీల ఎక్కించుకున్నడు:

"డ్రాయింగు చదవడం రాని మనిషి అంగుళం తప్పకుండా రెండుసార్లు కట్టిందంటే, గీసిన పిల్లకి గీయడం వచ్చినట్టే. ఎడం పక్కది కాగితం మీద ఉన్నట్టే ఉంది, నేను అడిగింది అదే. కుడి పక్కది నేను అడగలేదు, ఆ పిల్ల తీయించనూ లేదు. అది నాకు నచ్చింది. హద్దు గీత మీద హద్దు అని రాయకపోవడం మాత్రం ఆమె తప్పు. నెల రోజులు ఆఫీసులో అందరి డ్రాయింగుల మీదా హద్దులు ఆమే రాస్తుంది. పక్కా ఉద్యోగులు చేసే పనే అది. సోమవారం పదింటికి రమ్మనండి."

మళ్ళ చదువు. పక్కా ఉద్యోగులు అన్నడు. నేను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్న.

పోయేముందు వాళ్ళింటామె పట్టుచీరకు జాకెట్ గుడ్డ దొరుకుతలేదని ఫోన్ల ఫోటో చూపెట్టిండు. నెమలిమెడ రంగు. కష్టమైన రంగే కని నా దగ్గర ఉన్నది. పంపుతనన్న.

కారు పోయినంక ఆపా అడిగింది, "ఎవరు కాంతమ్మా ఆయన?"

"మా అశ్రిత సారు ఆపా. ఆయన చేతులనే పిల్ల నౌకరి."

ఆపా గాబరా పడుతదేమో అనుకున్న. కుర్చీల సదురుకోని కూసున్నది.

"అచ్ఛా. చెప్పంగనే మంచిగ నడిసిండు."

ఇగ పడుకో, ఆదివారం సుత ఆరింటికి లేవకు.
నీ అత్త